మీకు తెలుసా? సారాభాయ్ కడపటి ఏడాదిలోనే శ్రీహరికోట తొలి రాకెట్

2023 మార్చిలో సోనీలివ్‌లో విడుదలైన ‘రాకెట్ బాయ్స్’ వెబ్ సిరీస్ రెండో సీజన్, మెహదీ రజా వంటి కల్పిత పాత్రలను చరిత్రతో కలుపుకొంటూ, శాస్త్రవేత్తలు హోమీ భాభా, విక్రమ్ సారాభాయ్‌ల చివరి సంవత్సరాల మీదుగా 1974 మే 18 నాటి పోఖ్రాన్ అణుపరీక్ష దాకా సాగుతుంది. తెలుగునేలపై పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమనున్న శ్రీహరికోట దీవి ప్రయోగకేంద్రంగా రూపుదిద్దుకొన్నదీ ఆ కాలంలోనే. తూర్పు తీరం కావడంతో, తూర్పుదిశగా ప్రయోగిస్తే భూభ్రమణ వేగం రాకెట్‌కు తోడవుతుంది, కాలిన భాగాలు సముద్రంలో పడతాయి. అక్కడి నుంచి 1971 అక్టోబర్ 9న తొలిసారి ఎగిరినది రోహిణి-125 అనే సౌండింగ్ రాకెట్, అనగా ఎగువ వాతావరణాన్ని పరిశీలించి, కక్ష్యలో చేరకుండానే కిందికి వచ్చే చిన్న రాకెట్. సారాభాయ్ అదే ఏడాది డిసెంబర్ 30న కన్నుమూశారు. ఎస్‌ఎల్‌వి-3 రాకెట్ ఇదే దీవి నుంచి రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపిన 1980 జూలై 18ని ఆయన చూడలేకపోవడం భారత విజ్ఞానచరిత్రలో తీరని వెలితి.