భూకంపం తరువాత ఏ ఇల్లు సురక్షితం?

పెద్ద భూకంపం వచ్చిన నగరంలో కూలిపోయిన కట్టడాలు ఎవరికైనా కనబడతాయి గాని, నిలిచి ఉన్న వేలాది కట్టడాల్లో ఏది మళ్ళీ నివాసానికి పనికివస్తుందో, ఏది తరువాతి ప్రకంపనకే నేలకూలుతుందో మామూలు కంటికి తెలియదు. అన్నింటినీ ఖాళీ చేయిస్తే జనం వీధిన పడతారు, ఆసుపత్రులు సైతం మూతపడతాయి. ఎవరి ఇష్టానికి వారిని వదిలేస్తే, ప్రధాన భూకంపాన్ని వెన్నంటి వారాల తరబడి, కొన్నిచోట్ల నెలల తరబడి వచ్చే అనుకంపనలకు మరిన్ని ప్రాణాలు బలవుతాయి. ఈ రెండు ప్రమాదాల నడుమ దారి చూపేందుకే అనేక నగరాలు భవనాల భద్రతా తనిఖీకి ఒక పద్ధతిని ముందుగానే సిద్ధం చేసుకుంటున్నాయి.

ఈ పద్ధతికి ప్రామాణిక రూపం అమెరికాలోని కాలిఫోర్నియాలో ఏర్పడింది. అక్కడి అప్లైడ్ టెక్నాలజీ కౌన్సిల్ రూపొందించిన ఏటీసీ-20 అనే మార్గదర్శక గ్రంథం 1989లో వెలువడగా, అదే ఏడాది అక్టోబరు 17న శాన్ ఫ్రాన్సిస్కో పరిసరాలను 6.9 తీవ్రతతో కుదిపిన లోమా ప్రియేటా భూకంపంలో దానికి తొలి పరీక్ష ఎదురైంది. దీని ప్రకారం తనిఖీ బృందం ప్రతి భవనం ప్రవేశద్వారం వద్ద మూడు రంగుల్లో ఒక చీటీ అంటిస్తుంది. ఆకుపచ్చ చీటీ ఉంటే యథావిధిగా వాడుకోవచ్చు; పసుపు చీటీ ఉంటే దానిపై రాసిన పరిమితులకు లోబడి, కొంత సమయమో కొంత భాగమో మాత్రమే వాడుకోవాలి; ఎరుపు చీటీ ఉంటే లోపలికి అడుగు పెట్టకూడదు. ఎరుపు చీటీ కూల్చివేత ఉత్తర్వు కాదు. మరమ్మతు పూర్తయి మరొకసారి పరీక్షలో నెగ్గితే అది తొలగిపోతుంది.

తనిఖీ మూడు అంచెల్లో సాగుతుంది. మొదటి అంచెలో ఒక్కో భవనానికి పది నుంచి ముప్పై నిమిషాలు మాత్రమే కేటాయించి, కట్టడం పునాది మీది నుంచి జారిందా, ఏ అంతస్తైనా పక్కకు ఒరిగిందా, స్తంభాలూ గోడలూ తీవ్రంగా పగిలాయా, పిట్టగోడ వంటివి ఊడిపడే స్థితిలో ఉన్నాయా, చుట్టూ నేల నెర్రెలిచ్చిందా అని చూస్తారు. అనుమానం తీరని భవనాలను రెండో అంచెలో నిర్మాణ ఇంజినీర్లు, అంటే బరువును మోసే స్తంభాలు, దూలాలు, పునాదుల బలాన్ని అంచనా వేయగల నిపుణులు, మరింత నిశితంగా పరిశీలిస్తారు. అప్పటికీ తేలనివాటికి యజమానులే ఇంజినీర్లను నియమించుకుని నమూనా పటాలు, లెక్కల ఆధారంగా మూడో అంచె పరీక్ష జరిపించుకోవాలి.

అయితే తొలి అంచె తనిఖీకి ఒక హద్దు ఉంది. భూకంపానికి ముందున్న బలం కనబడేంతగా తగ్గిందా లేదా అని మాత్రమే అది చెప్పగలదు. ఆ ముందున్న బలమే చాలనిదైతే దాన్ని పట్టుకోలేదు. న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ నగరం ఈ సంగతిని ఎంతో మూల్యం చెల్లించి తెలుసుకుంది. 2010 సెప్టెంబరు 4 నాటి 7.1 తీవ్రత భూకంపం తరువాత అక్కడి ఆరంతస్తుల సీటీవీ భవనానికి ఆకుపచ్చ చీటీ దక్కగా, 2011 ఫిబ్రవరి 22న తీవ్రత 6.3గానే నమోదైనా నగరానికి అతి సమీపంలో, తక్కువ లోతులో పుట్టిన భూకంపానికి అది కుప్పకూలింది. ఆనాటి 185 మరణాల్లో 115 ఆ ఒక్క భవనంలోనే సంభవించాయి. ఆ భవన రూపకల్పనలోనే లోపాలున్నాయని విచారణ సంఘం నిర్ధారించింది. ఆకుపచ్చ రంగును ప్రజలు భద్రతకు పూచీగా భావిస్తున్నందున న్యూజిలాండ్ తరువాత దాని స్థానంలో తెల్ల చీటీని ప్రవేశపెట్టింది.

ఇటువంటి పని విపత్తు వచ్చాక మొదలుపెడితే సమకూరేది కాదు. శాన్ ఫ్రాన్సిస్కోలో భవన యజమానులు ముందే ఇంజినీర్లతో ఒప్పందం చేసుకుని, తమ భవనానికి ప్రత్యేకించిన తనిఖీ ప్రణాళికను నగర అధికారుల ఆమోదానికి సమర్పించవచ్చు. ఆమోదం లభిస్తే ఆ ఇంజినీర్లే నగరం తరఫున చీటీ అంటించగలరు కాబట్టి, ప్రభుత్వ బృందం వంతు వచ్చేదాకా వేచి ఉండనక్కరలేదు. 1995 నాటి కోబే భూకంపం తరువాత జపాన్ శిక్షణ పొందిన స్వచ్ఛంద తనిఖీదారుల నమోదును దేశమంతటా విస్తరించగా, నేడు వారి సంఖ్య లక్ష దాటింది. జపాన్ పాటించే మరో నియమం కూడా గమనించదగినది: ప్రాణభద్రత కోసం చేసే ఈ తనిఖీ వేరు, సహాయం పొందేందుకు నష్టాన్ని నిర్ధారించే ధ్రువపత్రం వేరు.

ఈ తేడాను గుర్తించడం తెలుగువారికి చాలా అవసరం. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచినప్పుడు, నీట మునిగిన ఇళ్ళలో నేల అంతస్తుకు రూ. 25,000, పై అంతస్తులకు రూ. 10,000 చొప్పున ప్రభుత్వం సాయం ప్రకటించి, ఇంటింటా నష్టం నమోదు చేయించింది. అటువంటి లెక్కింపు బాధితులకు అత్యవసరమే గాని, రోజుల తరబడి నీటిలో నానిన గోడ ఎంతవరకు నమ్మదగినదో చెప్పడం దాని పని కాదు. తుపానులకూ వరదలకూ దెబ్బతిన్న భవనాల తనిఖీకి ఏటీసీ-45 అనే గ్రంథం 2004 నుంచే అందుబాటులో ఉంది కాబట్టి, 2014లో హుద్‌హుద్ తుపాను తాకిడిని చవిచూసిన విశాఖపట్నం వంటి నగరాలకు ఈ మార్గం కొత్తగా కనిపెట్టవలసినది కాదు.

తనిఖీకి అర్హులైన ఇంజినీర్ల జాబితా, వారికి చట్టబద్ధమైన అధికారం, ప్రతి ఏటా శిక్షణ, ఆసుపత్రులూ పాఠశాలలూ ముందు వచ్చే వరుసక్రమం, ప్రతి పెద్ద అనుకంపన తరువాత మళ్ళీ పరీక్షించాలన్న నియమం, అనుమతుల కోసం దాఖలైన నమూనా పటాలను వెంటనే తీసి చూడగల ఏర్పాటు — ఇవన్నీ ప్రశాంతంగా ఉన్న రోజుల్లో నగరపాలక సంస్థలు పూర్తి చేయవలసిన పనులు. వాటితో పాటు బలహీనమైన కట్టడాలను ముందే గుర్తించి పటిష్ఠం చేయడం మరింత ముఖ్యం, ఎందుకంటే ఏ రంగు చీటీ అయినా గోడకు లేని బలాన్ని తెచ్చిపెట్టలేదు.