లారీ డీజిల్ పంపు మార్పిడి: తెలుసుకోవలసిన విషయాలు

దిల్లీలో జి.టి. కర్నాల్ రహదారి పక్కన ఉన్న సంజయ్ గాంధీ ట్రాన్స్‌పోర్ట్ నగర్, సరుకు రవాణాకూ లారీ మరమ్మతులకూ పేరొందిన కేంద్రం. అక్కడికి కొద్ది దూరంలోనే ఆజాద్‌పూర్ పండ్ల మార్కెట్ ఉంది. విజయవాడ పరిసరాల నుంచి మామిడి లోడుతో బయలుదేరిన లారీ ఇక్కడికి చేరాలంటే సుమారు 1,800 కిలోమీటర్లు ప్రయాణించాలి. మార్గమధ్యంలో ఇంజను ఆగితే గడిచే ప్రతి గంటా నష్టమే. పాత లారీలు అలా ఆగిపోవడానికి తరచుగా కనిపించే కారణం డీజిల్ సరఫరాలో లోపం.

డీజిల్ పంపు అనే మాటను వాడుకలో రెండు వేర్వేరు పరికరాలకు ఉపయోగిస్తారు. ట్యాంకు నుంచి డీజిల్‌ను లాగి ఫిల్టర్ మీదుగా ముందుకు పంపేది ఫీడ్ పంపు. దీనిలో పీడనం చాలా తక్కువ. ఆ డీజిల్‌ను కొలిచి, వందల రెట్ల వాయు పీడనంతో, సరైన క్షణంలో ఒక్కో సిలిండరు నాజిల్‌కు అందించేది ఇంజెక్షన్ పంపు. జర్మనీకి చెందిన బాష్ సంస్థ 1927లో ఈ పంపుల భారీ ఉత్పత్తిని ప్రారంభించింది. మన దేశంలో 1951లో బెంగళూరు కేంద్రంగా ఏర్పడిన మైకో సంస్థ వీటిని విస్తృతంగా అందుబాటులోకి తెచ్చింది. 2008లో ఆ సంస్థ పేరు బాష్ లిమిటెడ్‌గా మారినా, పాత మెకానిక్‌ల నోట మైకో అన్న మాట ఇంకా వినిపిస్తూనే ఉంటుంది.

పంపు మార్చడానికి ముందు లోపం నిజంగా పంపులోనే ఉన్నదా అని నిర్ధారించుకోవాలి. ఫిల్టర్ మూసుకుపోయినా, ట్యాంకు నుంచి వచ్చే గొట్టంలో సన్నని పగులు ఏర్పడినా, రాగి వాషర్ అరిగినా లక్షణాలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఎత్తు ఎక్కేటప్పుడు బండి లాగలేకపోవడం, ఉదయం స్టార్ట్ కాకపోవడం, కొద్ది దూరం నడిచి ఆగిపోవడం వాటిలో ముఖ్యమైనవి. ముందుగా చవకైన ఫిల్టర్‌ను, గొట్టాలను, బిగింపులను పరీక్షించి, ఆ తరువాతే పంపు జోలికి వెళ్లాలి. ఇంజన్ ఆయిల్ మట్టం దానంతటదే పెరిగి డీజిల్ వాసన వస్తే మాత్రం పంపు సీలు దెబ్బతిన్నదని అనుమానించవచ్చు. ఆ స్థితిలో బండి నడిపితే, పలుచబడిన ఆయిల్ వల్ల బేరింగులు దెబ్బతింటాయి. పంపుతోపాటు ఆయిల్‌నూ మార్చవలసి ఉంటుంది.

ఫీడ్ పంపు సాధారణంగా ఇంజెక్షన్ పంపు పక్కనే బిగించి ఉంటుంది. మార్చేటప్పుడు బండిని సమతలంపై నిలిపి, చక్రాలకు అడ్డు పెట్టి, ఇంజను చల్లబడేవరకు ఆగాలి. బ్యాటరీ నెగటివ్ తీగను విప్పాలి. పంపు చుట్టూ ఉన్న మట్టిని, జిడ్డును తుడిచిన తరువాతే గొట్టాలు విప్పాలి. వెంట్రుక కన్నా సన్నని దుమ్ము కణం సైతం ఇంజెక్షన్ పంపు ప్లంజర్లను గీకగలదు. విప్పిన గొట్టాల మూతులను శుభ్రమైన మూతలతో కప్పాలి. ఏ గొట్టం ఎక్కడిదో గుర్తు పెట్టుకోవాలి. పాత గాస్కెట్ అవశేషాలను పూర్తిగా తొలగించి, కొత్త గాస్కెట్ వేసి, కొత్త పంపును అమర్చాలి. బోల్టులను మొదట చేతితో తిప్పి, తరువాత ఒకదాని తరువాత మరొకటి సమానంగా బిగించాలి. రాగి వాషర్లను తిరిగి వాడకుండా కొత్తవే వేయాలి.

ఆ తరువాతి పని గాలి తీయడం. డీజిల్‌తో పోలిస్తే గాలి సులువుగా నొక్కుకుపోతుంది. అందువల్ల గొట్టాల్లో గాలి మిగిలితే నాజిల్ తెరుచుకోవడానికి కావలసిన పీడనం రాదు. ఫిల్టర్‌పైన ఉన్న స్క్రూను వదులు చేసి, చేతి పంపును కొడుతూ, బుడగలు లేని డీజిల్ వచ్చేవరకు చూడాలి. ఆ స్క్రూ బిగించి, ఇంజెక్షన్ పంపు స్క్రూ వద్ద అదే ప్రక్రియను చేయాలి. ఇంజను స్టార్ట్ అయిన తరువాత లీకులు ఉన్నాయేమో చూడాలి. నాజిల్ గొట్టాల దగ్గర చెయ్యి పెట్టి లీకును వెతకడం అత్యంత ప్రమాదకరం. అధిక పీడనంతో చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినట్లే కనిపించినా లోపలి కణజాలం నశించి, వేలును తొలగించవలసిన పరిస్థితి రావచ్చు. అట్టముక్కతోనే పరీక్షించాలి. గాయమైతే నొప్పి లేకున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంజెక్షన్ పంపు మార్పిడి రహదారి పక్కన చేయదగిన పని కాదు. మొదటి సిలిండరు పిస్టన్‌ను కంప్రెషన్ సమయంలో సరైన స్థానానికి తెచ్చి, టైమింగ్ గుర్తులు కలిపి పంపును బిగించాలి. దానికి ముందు టెస్ట్ బెంచ్‌పై ప్రతి సిలిండరుకు అందే డీజిల్‌ను సరిచూడాలి. బండి ఎక్కువ లాగాలని సీలు తెంచి డీజిల్ పరిమాణాన్ని పెంచే అలవాటు కొన్నిచోట్ల ఉంది. దానివల్ల నల్లటి పొగ, డీజిల్ వృథా, ఇంజను వేడెక్కడం తప్ప ఆశించిన మేలు నిలవదు. కేంద్ర మోటారు వాహన నియమావళి 115వ నిబంధన ప్రకారం డీజిల్ వాహనపు పొగ సాంద్రత, భారత్ స్టేజ్-4కు ముందు వాటికి 65, భారత్ స్టేజ్-4 వాటికి 50 హార్ట్‌రిడ్జ్ యూనిట్లను మించరాదు.

రాజధాని ప్రాంతంలో మరొక లెక్క కూడా చూసుకోవాలి. కొన్ని భారత్ స్టేజ్-4 వాహనాలను మినహాయిస్తే, మెకానికల్ పంపులు ఉన్నవి చాలావరకు భారత్ స్టేజ్-3, అంతకు ముందు తరాలవే. వాయు నాణ్యత నిర్వహణ కమిషన్ ఆదేశాల మేరకు 2025 నవంబరు 1 నుంచి, దిల్లీలో రిజిస్టర్ కాని సరుకు వాహనాలలో భారత్ స్టేజ్-6 ప్రమాణాలు లేనివాటి ప్రవేశంపై ఆంక్షలు అమలులోకి వచ్చాయి. భారత్ స్టేజ్-4 వాహనాలకు 2026 అక్టోబరు 31 వరకు గడువు ఇచ్చారు. కనుక వేల రూపాయలు వెచ్చించి ఇంజెక్షన్ పంపు మార్చే యజమాని, ఆ బండి ఇకపై ఏ మార్గాల్లో తిరగగలదో ముందుగా ఆలోచించుకోవడం మేలు.

లారీ దిల్లీకి వెళ్లలేకపోయినా సొంత రాష్ట్రంలో దాని పని ఆగదు. ధాన్యం, ఇసుక, కంకర మోసే పాత బండ్లు ఇంకా ఎన్నో కుటుంబాలకు జీవనాధారం. ఆ బండి పంపు సక్రమంగా ఉంటే డీజిల్ ఆదా అవుతుంది, పొగ తగ్గుతుంది, సరుకు సకాలంలో చేరుతుంది.