బిట్ల ఏం పెట్టినవ్?

పదోతరగతి జీవశాస్త్రం పరీక్ష నాడు, బోధన్‌లో ఏ పరీక్ష కేంద్రం ముందైనా పదకొండు గంటల వేళ నిలబడి చూడండి. గేటు పూర్తిగా తెరవకముందే పిల్లలు గుంపులు గుంపులుగా బయటికి వస్తారు. చంకలో ప్యాడు, చేతిలో హాల్ టికెట్, వేళ్లకు అంటిన సిరా. నీళ్ల సీసా మూతైనా తీయకుండా అడిగే మొదటి మాట ఒకటే: "బిట్ల ఏం పెట్టినవే?"

అలాంటి ఒక పూట వేపచెట్టు నీడలో ముగ్గురమ్మాయిల వాదన నా చెవిన పడింది. కిరణజన్య సంయోగక్రియలో బయటికొచ్చే ఆక్సిజన్ దేని నుంచి వస్తుందన్నది బిట్.

"నేను కార్బన్ డై ఆక్సైడ్ పెట్టిన. సీఓటూలనే ఓటూ ఉన్నది గదా!"

"మరి నీళ్లల్ల లేదా ఆక్సిజన్? నేను నీళ్లు పెట్టిన."

"గట్లెట్లనే? చెట్టు కార్బన్ డై ఆక్సైడ్ తీసుకుంటది, ఆక్సిజన్ ఇడుస్తది. చిన్నప్పటి సంది గదే చెప్తున్నరు."

మూడో అమ్మాయి కాసేపు ఆలోచించి అంది: "సార్ బ్యాక్టీరియా గురించి చెప్పలే? అది గంధకం ఇడుస్తది అన్నడు. గందుకే నీళ్లు."

అంతలో మొదటి అమ్మాయి తండ్రి బండి మీద వచ్చాడు. "అయిపోయినదాని ముచ్చట ఎందుకు బిడ్డా? నడువ్, సోషల్ సదువుకో" అన్నాడు. ఆ మాటలో ప్రేమ ఉంది. మన ఇళ్లలో, బళ్లలో పెద్దలందరూ చెప్పేది అదే: రాసింది మర్చిపో, రాయాల్సింది చూసుకో. కానీ వేపచెట్టు కింద నడిచిన ఆ ఐదు నిమిషాలు వృథా పోలేదని, సరిగ్గా వాడుకుంటే ఏడాది చదువులో అంత గట్టి పాఠం మరొకటి దొరకదని నా నమ్మకం. అది ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు ఆ పరీక్ష సంగతి. తెలంగాణలో పదోతరగతి సైన్సు అంటే రెండు పేపర్లు. 2023లో భౌతికశాస్త్రం, జీవశాస్త్రం ఒకే పూట రాయించారు. 2024లో వేర్వేరు రోజులకు మార్చారు. ఒక్కో పేపరుకు 40 మార్కులు, గంటన్నర సమయం. పార్ట్-ఏ ప్రశ్నపత్రం పిల్లల చేతిలోనే ఉంటుంది. బిట్లు ఉన్న పార్ట్-బి మాత్రం జవాబు పత్రానికి దారంతో కట్టి ఇచ్చేసి రావాలి. అందుకే గేటు బయట వాదన ఎప్పుడూ బిట్ల మీదే సాగుతుంది. పేపరు చేతిలో ఉండదు కాబట్టి ప్రశ్ననూ గుర్తు తెచ్చుకోవాలి, నాలుగు ఆప్షన్లనూ గుర్తు తెచ్చుకోవాలి, తాము పెట్టింది ఏదో కూడా గుర్తు తెచ్చుకోవాలి.

ఇలా గుర్తు తెచ్చుకోవడమే చదువులో అతి బలమైన పని. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగం ఈ సంగతిని తేటగా చూపింది. ఒక పాఠాన్ని కొందరు విద్యార్థులు నాలుగుసార్లు చదివారు. మరికొందరు ఒక్కసారే చదివి, ఆపైన మూడుసార్లు చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే నాలుగుసార్లు చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే లెక్క తిరగబడింది. చదివినవాళ్లకు 40 శాతం గుర్తుంటే, గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకు 61 శాతం గుర్తుంది. పరీక్ష హాల్లో ఒకసారి, గేటు బయట మరోసారి గుర్తు తెచ్చుకున్న పిల్ల తనకు తెలియకుండానే ఆ పాఠాన్ని గట్టిపరుచుకుంటోంది.

రెండో సంగతి ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. 2001లో బటర్‌ఫీల్డ్, మెట్‌కాఫ్ అనే పరిశోధకులు గమనించింది ఇది: ఏదో తోచింది రాసి తప్పు చేసినప్పటికంటే, "ఇదే కరెక్టు" అని గట్టి ధీమాతో తప్పు చేసినప్పుడు, ఆ వెంటనే సరైన జవాబు తెలిస్తే అది మనసులో బలంగా నాటుకుంటుంది. నమ్మినది తప్పని తేలినప్పుడు మనసు ఉలిక్కిపడుతుంది, చెవులు రిక్కిస్తుంది. సీఓటూలో ఓటూ ఉందని అంత ధీమాగా వాదించిన ఆ అమ్మాయికి సరైన జవాబు అందాల్సిన వేళ సరిగ్గా అదే. సాయంత్రానికి ఆ వేడి చల్లారిపోతుంది.

మరి ముగ్గురిలో ఎవరికీ సరిగ్గా తెలియకపోతే? 2009లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ఈ అనుమానాన్నే పరీక్షించింది. కొలరాడో విశ్వవిద్యాలయంలో జన్యుశాస్త్రం తరగతి అది. విద్యార్థులు ఒక ప్రశ్నకు ఎవరికి వారు జవాబిచ్చారు, పక్కవాళ్లతో చర్చించారు, తర్వాత అదే సూత్రం మీద ఇంకో కొత్త ప్రశ్నకు మళ్లీ ఒంటరిగా జవాబిచ్చారు. చర్చ తర్వాత జవాబులు మెరుగుపడ్డాయి. మొదట గుంపులో ఒక్కరికీ సరైన జవాబు తెలియని చోట కూడా మెరుగుపడ్డాయి. తెలివైన వాడి దగ్గర జవాబు కాపీ కొట్టడం వల్ల వచ్చిన లాభం కాదది. "నేనెందుకు అలా అనుకున్నానంటే" అని ఎదుటివాడికి చెప్పబోతే, చెప్పేవాడికే తన ఆలోచనలో చిల్లు కనబడుతుంది.

ఇప్పుడు ఆ బిట్ సంగతి తేల్చుకుందాం. సరైన జవాబు నీరు. ఆ మూడో అమ్మాయి గుర్తు చేసిన బ్యాక్టీరియానే అందుకు మొదటి ఆధారం. 1930ల మొదట్లో వాన్ నీల్ అనే శాస్త్రవేత్త ఊదారంగు గంధక బ్యాక్టీరియాను పరిశీలించాడు. అవి కూడా వెలుతురుతో, కార్బన్ డై ఆక్సైడ్‌తో ఆహారం తయారుచేసుకుంటాయి. కాకపోతే నీటికి బదులు హైడ్రోజన్ సల్ఫైడ్ వాడతాయి. వాటి నుంచి ఆక్సిజన్ రాదు, గంధకం మిగులుతుంది. కార్బన్ డై ఆక్సైడ్‌ను చీలిస్తేనే ఆక్సిజన్ వచ్చేదైతే ఈ బ్యాక్టీరియా నుంచీ రావాలి కదా? రావడం లేదు. హైడ్రోజన్ సల్ఫైడ్ చీలి గంధకం వస్తోందంటే, మొక్కల్లో నీరు చీలి ఆక్సిజన్ వస్తుండాలి అని ఆయన ఊహించాడు. 1941లో రూబెన్, కామెన్, వారి సహచరులు బరువైన ఆక్సిజన్-18 ఉన్న నీటిని ఆల్గేకు ఇచ్చి చూశారు. బయటికొచ్చిన ఆక్సిజన్‌లో ఆ బరువైన రకం కనిపించింది. వేపచెట్టు కింది వాదన ఒకప్పుడు ప్రపంచంలోని పెద్ద పెద్ద ప్రయోగశాలల్లో నడిచిన వాదనే. మొదటి అమ్మాయి రాసిన జవాబును ఎంతోమంది శాస్త్రవేత్తలు కూడా చాలా కాలం నమ్మారు.

నిజామాబాద్, బోధన్ పట్టణాల్లో ఈ పోల్చుకోవడానికి ఇంకో అందం ఉంది. ఒకే వీధిలో తెలుగు మీడియం, ఉర్దూ మీడియం, ఇంగ్లిష్ మీడియం పిల్లలు ఉంటారు. ఒకరికి ధమని, ఇంకొకరికి షిర్యాన్, మరొకరికి ఆర్టరీ. ఒకరికి సిర, ఇంకొకరికి వరీద్, మరొకరికి వీన్. మన కిరణజన్య సంయోగక్రియను ఉర్దూ పుస్తకంలో జియాయీ తాలీఫ్ అంటారు. జియా అంటే వెలుగు, తాలీఫ్ అంటే కూర్చడం. రెండు భాషలూ ఒకే భావాన్ని చెరో దారిలో పట్టుకున్నాయి. మీడియం వేరైన స్నేహితులు జవాబులు పోల్చుకోవాలంటే బట్టీ పట్టిన వాక్యం అక్కరకు రాదు. అర్థం విప్పి చెప్పాల్సిందే. "ధమనుల్లో మంచి రక్తం, సిరల్లో చెడు రక్తం" అని బట్టీ పట్టినవాడు పుపుస ధమని దగ్గర తడబడతాడు. అందులో ప్రవహించేది ఆక్సిజన్ తక్కువగా ఉన్న రక్తమే. గుండె నుంచి రక్తాన్ని బయటికి తీసుకెళ్లేది ధమని, గుండెకు తెచ్చేది సిర అని పక్క మీడియం దోస్తుకు చేతులు తిప్పి చూపించినవాడికి ఆ తడబాటు ఉండదు.

జవాబులు పోల్చుకోవడం వల్ల పాఠ్యపుస్తకాలే మారిన కథ ఒకటుంది. ఆ కథలో ముఖ్యపాత్ర బోధన్‌కు ఎంతో దగ్గరిది: చెరకు.

మంజీర నది మీద నిజాంసాగర్ ప్రాజెక్టు 1931లో పూర్తయింది. దాని కాలువ నీళ్లతో ఈ ప్రాంతంలో చెరకు పెరిగింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది, దాని చుట్టూ శక్కర్‌నగర్ వెలిసింది. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక ఎన్నో మళ్లలో చెరకు పోయి వరి వచ్చింది. అయినా ఇక్కడి పిల్లలకు చెరకు అంటే తాతల జ్ఞాపకం, ఇంటి ముచ్చట. ఎకరాకు ముప్పై టన్నుల దాకా కాసే ఆ పంట బరువంతా ఎక్కడిదని అడిగితే "భూమిది" అని చాలామంది అంటారు. నిజానికి అందులో పెద్ద పాలు నీరు. మిగిలిన దానిలో ఎక్కువ భాగం గాలిలోంచి పట్టుకున్న కార్బన్‌తో అల్లిన చక్కెర, పీచు. మట్టి ఇచ్చే లవణాలు అవసరమే, కానీ వాటి బరువు బహు కొద్ది.

ఆ కార్బన్‌ను మొక్క ఎలా పట్టుకుంటుందన్నదానికి కాల్విన్ బృందం ఆల్గేలో జవాబు కనిపెట్టింది. మొదట తయారయ్యేది మూడు కార్బన్ల పదార్థం. ఈ పరిశోధనకు 1961లో కాల్విన్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. అంటే ఆ జవాబు ఇక "కీ"లోకి ఎక్కినట్టే. హవాయి దీవుల్లో చెరకు మీద పనిచేస్తున్న కోర్ట్‌షాక్, హార్ట్, బర్ అనే శాస్త్రవేత్తలకు మాత్రం లెక్క కుదరలేదు. చెరకు ఆకుకు రేడియోధార్మిక కార్బన్ ఇచ్చి చూస్తే, అది మొదట మాలిక్ ఆమ్లం, ఆస్పార్టిక్ ఆమ్లం లాంటి నాలుగు కార్బన్ల పదార్థాల్లో కనిపించింది. 1960లోనే సోవియట్ దేశంలో కార్పిలోవ్‌కు మొక్కజొన్నలో ఇలాంటి ఫలితమే వచ్చింది. హవాయి వాళ్లు తమ ఫలితాన్ని 1965లో ప్రచురించారు. ఆస్ట్రేలియాలో ఒక చక్కెర కంపెనీ ప్రయోగశాలలో ఉన్న హాచ్, స్లాక్ అది చదివి, ప్రయోగాన్ని తామూ చేసి చూసి, 1966లో కొత్త దారిని వివరించారు. కీతో కలవలేదని చెరకు జవాబును కొట్టేయలేదు, "ఎందుకు కలవలేదు?" అని అడిగారు.

ఆ ఎందుకుకు దొరికిన సమాధానం ఎండలు మండే మన జిల్లాకు బాగా తెలియాల్సింది. మొక్కల్లో కార్బన్ డై ఆక్సైడ్‌ను పట్టుకునే ఎంజైము పేరు రూబిస్కో. ఎండ ముదిరితే అది కార్బన్ డై ఆక్సైడ్‌కు బదులు ఆక్సిజన్‌ను పట్టుకుని పొరబడటం ఎక్కువవుతుంది, శక్తి వృథా అవుతుంది. వరి, పసుపు మూడు కార్బన్ల దారి పంటలు కాబట్టి వాటికి ఈ ఇబ్బంది తప్పదు. చెరకు, మొక్కజొన్న, జొన్న మాత్రం ముందు కార్బన్‌ను నాలుగు కార్బన్ల పదార్థంగా మార్చి, ఆకు ఈనెల చుట్టూ ఉన్న కణాల్లోకి చేర్చి, అక్కడ రూబిస్కోకు దండిగా అందిస్తాయి. నిజామాబాద్ చుట్టుపక్కల ఒకే కాలువ కింద ఈ రెండు దారుల పంటలూ పక్కపక్కనే పండుతున్నాయి.

ఇక అయిపోయినదాని ముచ్చట ఎందుకన్న ఆ తండ్రి భయం సంగతి. అదీ నిజమే. 1954లో లియోన్ ఫెస్టింగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పిన మాట ఒకటుంది: తన స్థాయి తెలుసుకోవడానికి నికరమైన కొలత లేనప్పుడు మనిషి పక్కవాడితో పోల్చుకుంటాడు. ఫలితాలు రావడానికి ఇంకా వారాలుంటాయి, చేతిలో కీ ఉండదు, అందుకే పిల్లలు ఒకరి మొహాల్లో ఒకరు తమ మార్కులు వెతుక్కుంటారు. "నీకెన్ని పోయినయ్?" అనే లెక్క మొదలైతే నేర్చుకోవడం ఆగిపోతుంది, దిగులు మొదలవుతుంది. కాబట్టి పిల్లలకు నేను చెప్పేది ఇది. మార్కులు లెక్కపెట్టుకోకండి. రెండు మూడు బిట్లు మాత్రం తీసుకుని "ఏం పెట్టినవ్?" తర్వాత "ఎందుకు పెట్టినవ్?" అని కూడా అడగండి. తేలకపోతే పుస్తకం తెరిచి అక్కడికక్కడే తేల్చుకోండి. తర్వాత ఇంటికి వెళ్లి అన్నం తిని పడుకోండి. రాబోయే పరీక్షకు అదీ అవసరమే.

పెద్దలకు ఇంకో మాట. గుంపులో మాట్లాడకుండా నిలబడ్డ పిల్లను చూడండి. పరీక్ష తప్పితే జూన్‌లో సప్లిమెంటరీ ఉంటుంది, ఇంట్లో చోటు ఎప్పుడూ ఉంటుంది అని ఫలితాలకు ముందే చెప్పండి. మనసు మరీ కుంగితే 14416కు ఫోన్ చేయొచ్చు. ఆ టెలీ మానస్ సేవ ఉచితం. పిల్లలు శ్వాసక్రియ పాఠంలో శక్తి కరెన్సీ అని రాసే ఏటీపీని ఫిస్క్‌తో కలిసి 1929లో లోకానికి తెలియజేసిన మన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్ గట్టెక్కింది మూడో ప్రయత్నంలో. ఆ సంగతి కూడా ఏటీపీ పక్కనే చెప్పాలి.

ఆ రోజు ఆ తండ్రి బండి స్టార్ట్ చేశాడు. అమ్మాయి వెనక ఎక్కి కూర్చుంది. బిట్ పోయిందని ఆమెకు అప్పటికే అర్థమైంది, మొహం కాస్త చిన్నబోయింది. బండి కదలబోతుండగా వెనక్కి తిరిగి గట్టిగా అడిగింది: "ఏయ్, ఆ గంధకం బ్యాక్టీరియా యాడుంటయే?"

"ఏమో, రేపు సార్‌ను అడుగుదాం."

"ఎందుకు బిడ్డా, అది పరీక్షల వస్తదా?" అన్నాడు తండ్రి.

"రాదు నాన్నా, ఊకెనే" అందామె.