గువామ్ దీవి: మంచినీటి కటకం – అభివృద్ధి పరిమితులు

ఉపోద్ఘాతం:
పశ్చిమ పసిఫిక్ మహాసముద్రంలోని గువామ్ అమెరికా అధీనంలో ఉన్న, రాష్ట్రహోదా లేని ప్రాంతం. దీని వైశాల్యం సుమారు 540 చదరపు కిలోమీటర్లు. 1940లో 22 వేల పైచిలుకు ఉన్న జనాభా 2020 నాటికి 1,53,836కు చేరింది. సైనిక స్థావరాలు, పర్యాటకం ఈ పెరుగుదలకు ప్రధాన కారణాలు. ఇంత చిన్న దీవిలో పర్యావరణాన్ని, మౌలిక వసతులను విడివిడిగా చూడటం సాధ్యం కాదని అక్కడి నీటి వ్యవస్థ స్పష్టం చేస్తుంది.

మంచినీటి కటకం:
దీవి ఉత్తర భాగం సున్నపురాయి పీఠభూమి. వాననీరు ఆ రాతి రంధ్రాల గుండా ఇంకి, బరువైన ఉప్పునీటిపై కటకం ఆకారంలో తేలుతూ నిలుస్తుంది. తాగునీటిలో సుమారు 80 శాతం ఇక్కడినుండే లభిస్తుంది. సిద్ధాంతరీత్యా సముద్రమట్టానికి పైన మంచినీరు ఒక మీటరు ఉంటే, కింద సుమారు 40 మీటర్లు ఉంటుంది. కాబట్టి అతిగా తోడితే పైమట్టం కొద్దిగా తగ్గినా, అడుగున ఉప్పునీరు ఎన్నో రెట్లు పైకి వస్తుంది. వాననీటిని లోనికి పంపే రంధ్రాలే సెప్టిక్ ట్యాంకుల మురుగుకూ దారినిస్తాయి. అత్యధిక జనాభా గల డెడెడో, ఆండర్సన్ వైమానిక స్థావరం, 2020లో ప్రారంభమైన మెరైన్ దళాల క్యాంప్ బ్లాజ్ ఈ ఉత్తర భాగంలోనే ఉన్నాయి.

విద్యుత్తు – వ్యర్థాలు:
బావుల నీటిని తోడటానికి విద్యుత్తు అవసరం. 2023 మే నెలలో మావర్ తుపాను విద్యుత్ వ్యవస్థను దెబ్బతీయడంతో నీటి సరఫరా కూడా స్తంభించింది. వ్యర్థాల సమస్య ఇంకా పాతది. అమెరికా నౌకాదళం 1940లలో నెలకొల్పిన ఆర్డాట్ డంపింగ్ యార్డ్ నుండి మురుగునీరు లాన్ఫిట్ నదిలోకి చేరేది. 2011లో దానిని మూసివేసి, దక్షిణాన లయోన్‌లో కొత్తది ప్రారంభించారు. ఆ వ్యయంలో వాటా చెల్లించాలని కేంద్ర ప్రభుత్వంపై గువామ్ వేసిన దావా కొనసాగవచ్చని 2021లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది.

ముగింపు:
గువామ్ ప్రజలు అమెరికా పౌరులే. అయినా అధ్యక్ష ఎన్నికలలో వారికి ఓటు లేదు. ప్రతినిధుల సభలోని వారి ప్రతినిధికి బిల్లులపై తుది ఓటు లేదు. దీవిపై సైనిక భారం ఎంత ఉండాలో వాషింగ్టన్‌లో నిర్ణయమవుతుంది. ఆ భారాన్ని మోసేది మాత్రం ఆ పలుచని నీటిపొర. కనుక గువామ్‌లో నీటి పరిరక్షణ సాంకేతిక సమస్యగానే మిగలక, నిర్ణయాధికారానికి సంబంధించిన ప్రశ్నగా కూడా పరిణమించింది.