మానేస్తానన్న మాట అబద్ధం కాదు

ఈ ఉదయం తాగుడును గూర్చి ధ్యానించుకుందాం. అది పాపమా కాదా అన్న సంగతి మీరు అనేకసార్లు విన్నారు. నేను అడిగేది వేరు. కన్నీళ్లతో ఒట్టు పెట్టినవాడు మూడు వారాలకే మళ్లీ ఎందుకు తాగుతున్నాడు?

రావులపాలెం అరటి మార్కెట్టులో గెలలు మోసే ఒక సహోదరుడున్నాడు. ఓ ఆదివారం ఆరాధన ముగిశాక నా దగ్గరకొచ్చి, "అయ్యగారండీ, ఇంక ముట్టుకోనండి" అన్నాడు. మూడో వారంలో మళ్లీ తాగాడు. "నీ మాటకు విలువేముందయ్యా?" అని నలుగురిలో గద్దించాను. అలా అన్నందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను. అతడు అబద్ధమాడలేదు.

1990లలో వుల్‌ఫ్రామ్ షుల్జ్ అనే శాస్త్రవేత్త స్విట్జర్లాండులో కోతులపై ప్రయోగాలు చేశారు. దీపం వెలిగించి, ఆ తరువాత పండ్లరసం చుక్క ఇచ్చేవారు. మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేసే కణాలు మొదట రసం నోట పడినప్పుడు చురుకయ్యేవి. అలవాటయ్యాక దీపం వెలగగానే చురుకయ్యాయి. వెలిగినా రసం రాకపోతే మామూలుకన్నా మందగించాయి.

మన సహోదరునికి ఆ దీపం ఏది? సాయంత్రం చేతిలో పడే కూలి డబ్బులు, పక్కవాడి "పదరా" అనే పిలుపు, బ్రాందీ షాపు బోర్డు. సీసా మూత తీయకముందే మెదడు సిద్ధమైపోతుంది. పదేపదే చేసిన పని మెల్లగా మెదడు లోతున ఉన్న బేసల్ గాంగ్లియా అనే భాగం వశమవుతుంది. మనం ఆలోచించకుండా సైకిలు తొక్కగలగడానికి తోడ్పడేది కూడా ఆ భాగమే. ఒట్టు పెట్టేది నుదుటి వెనుక భాగం, సాయంత్రం కాళ్లను షాపు వైపు నడిపేది మరొకటి! తన ఇష్టానికీ తన చేతకూ పొంతన కుదరడం లేదని పౌలు భక్తుడు రోమా పత్రిక ఏడవ అధ్యాయంలో వాపోయిన సంగతి మీరెరుగుదురు.

డెల్టావాళ్లకు ఇది తేలికగా బోధపడుతుంది. వేసవిలో కాలువలు కట్టేస్తే పంట బోదె ఎండిపోతుంది. జూన్‌లో నీరు వదిలితే అది కొత్త దారి వెతుక్కోదు. పాత అలవాటు కూడా ఎండుతుంది గాని పూడదు. పక్కన కొత్త బోదె తవ్వుకోవాలి.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకుంటున్న స్త్రీలు, వర్ధినేని రోశమ్మ వంటివారు ముందుండగా, సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. మగవాళ్లకు బుద్ధులు చెప్పి ఊరుకోలేదు. డోపమైన్ పేరే విననివారు ఆ దీపాన్ని ఆర్పేశారు! ఉద్యమం పాకి 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరిలో మద్య నిషేధం వచ్చాయి. 1997లో మద్య నిషేధం ఎత్తివేయగా దుకాణాలు మళ్లీ తెరుచుకున్నాయి. గనుక ఎవరింటి దీపం వారే ఆర్పుకోవలసి వచ్చింది.

ఇక జాగ్రత్తగా వినండి. మన సహోదరుడు రెండోసారి ఒక్కసారిగా మానేశాడు. సోమవారం చేతులు వణికాయి. మంగళవారం రాత్రి గోడ మీద పురుగులు పాకుతున్నాయని కేకలు వేశాడు. ఇంటివారు దయ్యమనుకుని నన్ను పిలిచారు. నేనూ ప్రార్థన మొదలుపెట్టాను. నర్సుగా పనిచేసే మా సంఘ సహోదరి వచ్చి చూసి, "అయ్యగారూ, ప్రార్థన ఆటోలో చేద్దాం, ముందు ఆసుపత్రికి పదండి" అంది. ఆమె వల్ల అతడు బ్రతికాడు.

మద్యం మెదడును మందగింపజేస్తుంది. ఏళ్ల తరబడి తాగితే మెదడు దానికి ఎదురుగా తన ఉద్రేకాన్ని పెంచుకుంటుంది. ఒక్కసారిగా ఆపితే ఆ ఉద్రేకానికి బ్రేకు ఉండదు. కొన్ని గంటల్లో వణుకు, రెండు రోజుల్లోపు ఫిట్స్, రెండు మొదలు నాలుగు రోజుల మధ్య మతిభ్రమ రావచ్చు. ప్రాణం కూడా పోవచ్చు. గనుక రోజూ అతిగా తాగేవానిచేత డాక్టరు లేకుండా ఒక్కసారిగా మాన్పించవద్దు. వణుకు, ఫిట్స్ రాకుండా మందులున్నాయి, బి1 విటమిన్ కూడా ఇస్తారు.

ఇప్పుడు మేస్త్రి అతని కూలి భార్య చేతికిస్తున్నాడు. షాపు దారి మాని, బావమరిదితో కలిసి కాలువ గట్టు మీదుగా ఇంటికి వెళ్తాడు. దారిలో టీ తాగుతారు. సంక్రాంతికి ఒకసారి తప్పాడు. ఈసారి నేను గద్దించలేదు. మరునాడు సాయంత్రం మార్కెట్టు గేటు దగ్గర నేనే నిలబడ్డాను.