వాడిన నిర్మాణ యంత్రాల పరిశీలన

వాడిన నిర్మాణ యంత్రాల పరిశీలన అనగా ఎక్స్‌కవేటరు, బ్యాక్‌హో లోడరు వంటి పాత భారీ యంత్రాన్ని కొనే ముందు దాని యాంత్రిక స్థితిని, యాజమాన్య పత్రాలను తనిఖీ చేసే పద్ధతి. తెలుగునాట ఎక్స్‌కవేటరును ప్రొక్లెయిన్ అని, బ్యాక్‌హో లోడరును జేసీబీ అని వ్యవహరిస్తారు. మొదటి పేరు ఫ్రాన్సుకు చెందిన పోక్లెయిన్ సంస్థ నుండి, రెండవది 1945లో ఇంగ్లాండులో జోసెఫ్ సిరిల్ బామ్‌ఫోర్డ్ స్థాపించిన సంస్థ నుండి వచ్చాయి.

కొత్త యంత్రం ఖరీదు ఎక్కువ కావడం వలన చిన్న కాంట్రాక్టర్లు, సొంత యంత్రం పెట్టుకోదలచిన ఆపరేటర్లు తరచుగా అప్పు చేసి పాత యంత్రాలను కొంటారు. యంత్రం మరమ్మతుకు చేరితే బాడుగ ఆగిపోతుంది, అప్పు వాయిదా మాత్రం ఆగదు. కొత్త రంగు వేయడం, మీటరు మార్చడం సులభం. కీళ్ళలోని అరుగుదలను దాచడం కష్టం. కావున పరిశీలన ప్రధానంగా అరుగుదలపై ఆధారపడి ఉంటుంది.

పని చరిత్ర

ఈ యంత్రాల వాడకాన్ని కిలోమీటర్లలో కాక గంటలలో లెక్కిస్తారు. ఇంజను నడిచిన గంటలను హవర్ మీటరు చూపుతుంది. రోజుకు 8 గంటల చొప్పున ఏడాదికి 250 రోజులు పనిచేసిన యంత్రం ఏడాదిలో 2000 గంటలు తిరుగుతుంది. ఎనిమిదేళ్ళ యంత్రం 4000 గంటలే చూపితే అది చాలాకాలం ఖాళీగా ఉండి ఉండాలి, లేదా మీటరు మారి ఉండాలి. పెడళ్ళు, లివర్లు, సీటు అరిగిన తీరును, సర్వీసు రికార్డులోని గంటలను మీటరుతో పోల్చి చూడాలి.

యంత్రం ఎక్కడ పనిచేసిందన్నది కూడా ముఖ్యం. చీమకుర్తి వంటి గ్రానైటు క్వారీలలో రాక్ బ్రేకరు బిగించి నడిపిన యంత్రాలలో బూము, ఆర్ములపై పగుళ్ళను ప్రత్యేకంగా వెతకాలి. కోస్తాలో ఉప్పునీటి రొయ్యల చెరువులు తవ్విన యంత్రాలలో చైనులు, పిన్నులు, వైరింగు తుప్పు పట్టే అవకాశం ఎక్కువ.

ఇంజను

ఇంజనును చల్లగా ఉన్నప్పుడే మొదటిసారి స్టార్టు చేయించాలి. కొనేవారు వచ్చేసరికే అది వేడెక్కి ఉంటే, స్టార్టు కావడంలోని ఇబ్బంది బయటపడదు. స్టార్టు చేయకముందే రేడియేటరు మూత తీసి చూడాలి. వేడిగా ఉన్నప్పుడు తీస్తే మరిగే నీరు ఎగజిమ్ముతుంది. నీటిపై నూనె తెట్టె గాని, ఇంజను ఆయిలులో పాల వంటి తెలుపు గాని కనబడితే నీరు, ఆయిలు కలుస్తున్నట్లు గ్రహించాలి.

* విడవని నల్లని పొగ: గాలి చాలకపోవడం లేదా ఇంధనం ఎక్కువగా చేరడం.
* నీలి పొగ: ఇంజను ఆయిలు కాలడం.
* వేడెక్కిన తరువాత కూడా తెల్లని పొగ: ఇంధనం సరిగా మండకపోవడం లేదా సిలిండరులోకి నీరు చేరడం.

ఆయిలు నమూనాను ప్రయోగశాలలో పరీక్షింపజేయవచ్చు. అందులో ఇనుము హెచ్చుగా ఉంటే లోపలి భాగాల అరుగుదలను, సిలికాను హెచ్చుగా ఉంటే దుమ్ము చేరడాన్ని అనుమానించాలి.

హైడ్రాలిక్ వ్యవస్థ

ఇంజనును చల్లగా చూడవలసి ఉండగా, హైడ్రాలిక్ వ్యవస్థను వేడెక్కిన తరువాత చూడాలి. ఆయిలు వేడెక్కి పలుచబడినప్పుడే అరిగిన పంపు, వాల్వుల బలహీనత తెలుస్తుంది. అరగంట పనిచేయించిన తరువాత కదలికలు మందగిస్తే పంపుపై అనుమానం కలుగుతుంది.

బూమును పైకెత్తి, ఇంజను ఆపి, సిలిండరు రాడ్డుపై గుర్తు పెట్టి 10 నిమిషాల తరువాత చూడాలి. స్వల్పంగా దిగడం సహజం. తయారీదారు పేర్కొన్న హద్దును మించితే సీళ్ళలో గాని వాల్వులో గాని లీకు ఉన్నట్లు. ఆ సమయంలో బూము క్రింద ఎవరూ నిలబడరాదు. గొట్టాల లీకులను చేతితో తడిమి వెతకరాదు. అధిక పీడనంతో చిమ్మే ఆయిలు చర్మంలోకి చొచ్చుకొనిపోతుంది; అట్టముక్కతో చూడాలి.

చైనులు, కీళ్ళు, చట్రం

చైను యంత్రాలలో నిర్వహణ ఖర్చు దాదాపు సగం వరకు చైనులు, రోలర్లు, స్ప్రాకెట్లకే కావచ్చు. స్ప్రాకెట్ పళ్ళు మొనదేలి ఉంటే మార్చే సమయం వచ్చినట్లు. బకెట్టును నేలకు ఆనించి నొక్కి విడుస్తూ పిన్నులు, బుష్షులలోని సందును గమనించాలి. పై భాగం తిరిగే వలయంలో కుదుపు ఉంటే మరమ్మతు ఖరీదైనది. ఒకేచోట కొత్త రంగు ఉంటే దాని క్రింద వెల్డింగు ఉందేమో చూడాలి.

పత్రాలు

భారతదేశంలో రోడ్డుపై తిరిగే టైర్ల యంత్రాలకు మోటారు వాహనాల రిజిస్ట్రేషను ఉంటుంది. ఛాసిస్, ఇంజను నంబర్లను ఆర్‌సీతో సరిపోల్చాలి. ఫైనాన్సు ఉన్నట్లు నమోదై ఉంటే దానిని తొలగించడానికి ఫారం 35, యాజమాన్య బదిలీకి ఫారం 29, ఫారం 30 అవసరం. ఇనుప చైను యంత్రాలకు సాధారణంగా ఆర్‌సీ ఉండదు. కావున అసలు ఇన్వాయిసు, వరుస అమ్మకపు పత్రాలు, అప్పు తీరినట్లు ఫైనాన్సు సంస్థ ఇచ్చిన లేఖ తప్పనిసరిగా చూడాలి. అప్పు తీరని యంత్రాన్ని కొంటే, పూర్తి ధర చెల్లించినా ఆ సంస్థ దానిని స్వాధీనం చేసుకొనే ప్రమాదం ఉంటుంది.

ధర నిర్ణయం

లోపమున్న ప్రతి యంత్రమూ కొనరానిది కాదు. కనబడిన లోపాలకు విడిభాగాలు, కూలి లెక్కగట్టి, మరమ్మతు జరిగే రోజులలో పోయే బాడుగను కూడా చేర్చి, ఆ మొత్తాన్ని అడిగిన ధర నుండి తగ్గించి చూడాలి. చల్లని ఇంజనును స్టార్టు చేయడానికి గాని, అసలు పత్రాలు చూపడానికి గాని అమ్మేవారు అంగీకరించకపోతే ఆ బేరం మానుకోవడం మంచిది.

ఇవి కూడా చూడండి

* ఎక్స్‌కవేటరు
* డీజిల్ ఇంజను
* హైడ్రాలిక్ యంత్రాలు