మట్టికట్ట మనుగడ

కువైట్‌లో నదులు లేవు. అయినను ఇక్కడ జీవనోపాధి వెదుకుకొన్న తెలుగువారిలో, ముఖ్యంగా రాయలసీమ వారిలో, ఎందరికో స్వగ్రామంలో కాస్త పొలమూ, దానికి నీరందించే చెరువో కుంటో ఉంటుంది. 2021 నవంబరు 19న చెయ్యేటి వరద రాజంపేట సమీపంలోని అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్టను కోసుకొనిపోయింది. ఐదు గేట్లలో ఒకటి లేవలేదు. నీరు కట్టమీదుగా పొర్లింది. దిగువ గ్రామాలలో పలువురు ప్రాణాలు కోల్పోయారు. పెద్ద కట్టకు వర్తించిన ఈ సూత్రమే చిన్న కుంటకట్టకూ వర్తిస్తుంది.

రాతికట్ట తనపై పొర్లే నీటిని కొంతసేపైనా తట్టుకొంటుంది. మట్టికట్ట తట్టుకోలేదు. వెలుపలి వాలుపై దూకిన నీరు మట్టిని కోస్తూ కట్ట శిరస్సు వరకు వస్తుంది. అంతట గండి పడుతుంది. కనుక కట్టకు ప్రాణం మరవలో ఉన్నది. అదనపు నీటిని సురక్షితంగా పంపివేసే ఆ దారిలో ముళ్లకంపలు పెరగనీయరాదు. మరో అడుగు నీరు నిలుస్తుందన్న ఆశతో మరవపై ఇసుక బస్తాలు పేర్చడం కట్టను పణంగా పెట్టడమే.

రెండవ శత్రువు ఊట. ఏ మట్టికట్టయినా కొంత ఊరుతుంది. తేటనీరు స్వల్పంగా వస్తున్నంతవరకు కనిపెట్టి ఉంటే చాలును. ఊట పెరిగినా, బురదగా మారినా, లోపలి మట్టి కొట్టుకొని వస్తున్నదని గ్రహించాలి. వెలుపల మొదలైన ఆ సన్నని బొరియ క్రమంగా చెరువువైపు పాకుతుంది. అమెరికాలోని టీటన్ ఆనకట్ట 1976 జూన్ 5న ఇట్లే కూలింది: ఉదయం కనిపించిన ఊట మధ్యాహ్నం కాకముందే కట్టను మింగివేసింది.

ఈ జ్ఞానం మనకు క్రొత్త కాదు. కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువు శాసనం (1369) మంచి చెరువుకు పన్నెండు అంగాలను, ఆరు దోషాలను పేర్కొన్నది. కట్టనుండి నీరు ఊరడం ఆ దోషాలలో ఒకటి. చెరువు త్రవ్వించినవారికి, బాగుచేయించినవారికి దశబంధ మాన్యం ఇచ్చే పద్ధతి కూడా సీమలో ఉండేది. చెరువును కాపాడుతున్నంతవరకే ఆ మాన్యం.

సంరక్షణ కష్టమైనది కాదు. వానలకు ముందు, భారీ వర్షం తర్వాత కట్టపై, కట్ట అడుగున నడచి చూడాలి. కుంగినచోట మట్టి పోసి దిమ్మిస చేయాలి. ఎలుకల కలుగులను, పుట్టలను త్రవ్వి బంకమట్టితో పొరలు పొరలుగా పూడ్చాలి. తుమ్మ మొక్కలను లేతగా ఉన్నప్పుడే తొలగించాలి. ముదిరిన చెట్టు వేళ్లు కుళ్లితే నీటికి దారి ఏర్పడుతుంది. గడ్డి మాత్రం కట్టకు కవచం. తూము చుట్టూ తడిని ప్రత్యేకంగా గమనించాలి.

బురద ఊట కనబడితే దాని నోటిని మూయరాదు; మూస్తే నీరు వేరొకచోట చీల్చుకొని వస్తుంది. దానిపై ఇసుక, ఆపై కంకర పరచితే నీరు పోతుంది, మట్టి ఆగుతుంది. తూము తెరచి నీటిమట్టాన్ని క్రమంగా తగ్గించాలి. ఒక్కసారిగా దించితే తడిసిన లోపలి వాలు జారవచ్చును. దిగువవారిని వెంటనే హెచ్చరించి, ఇంజనీరును పిలిపించాలి.

2021 డిసెంబరులో వచ్చిన ఆనకట్టల భద్రతా చట్టం ప్రధానంగా 15 మీటర్లకు మించిన కట్టలకు, కొన్ని షరతులతో 10 మీటర్లకు పైబడినవాటికి వర్తిస్తుంది. కుంటకట్ట దాని పరిధిలోకి రాదు. దాని భద్రత యజమాని బాధ్యతే. విదేశంలో ఉన్న యజమాని ఏటా వానలకు ముందు ఆ కట్టపై నడచి చూచే మనిషిని ఏర్పరచుకోవాలి. కట్ట క్రింద నిద్రించేవారు ఆ నడకను నమ్ముకొనే ఉన్నారు.